మొదటి తడి

చదవవలసిన భాగం: మత్తయి 9:14–17, హెబ్రీ 2:14–18

డిసెంబరు దగ్గరపడితే పలమనేరు ఇళ్లల్లో కుట్టుమిషన్లకు తీరిక ఉండదు. పిల్లల కొత్త బట్టలు సరే, వాటితోబాటు సోఫా కవర్ల పని కూడా నెత్తిన పడుతుంది. రాత్రిపూట కేరల్స్ బృందం వస్తుంది, ప్రార్థన చేసిపోవడానికి అయ్యగారు వస్తారు. ఎవరొచ్చినా కూర్చోబెట్టేది ఆ సోఫాలోనే. దాని రెగ్జిన్ అంచుల దగ్గర చిట్లిపోయి, లోపలి స్పాంజి పసుపుపచ్చగా పొడి రాలుతుంటుంది. ఏడాదంతా పైన ఒక తువ్వాలు పరిచి నెట్టుకొచ్చినా పండక్కి అది చాలదు. కట్టె గట్టిగా ఉన్నంతకాలం సోఫాను పారేయడానికి మనసొప్పదు గనక, నాలుగు మీటర్ల గుడ్డ తెచ్చి కవరు కుట్టుకుంటారు.

చేయి తిరిగినవాళ్లు మొదట కత్తెర ముట్టరు. గుడ్డను బకెట్లో ముంచుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే విసుగు.

"గుడ్డ తడిపినావా మే?"

"కుట్టినాంక ఎట్లాగూ ఉతకాల్సిందే గదక్కా, ఇప్పుడెందుకు?"

"ఉతికినాంక అది పొట్టిదైపోతే అప్పుడు సోఫాను కోస్తావా?"

మగ్గం మీద పడుగు దారానికి గంజి పట్టించి, బిగలాగి నేస్తారు. అంగట్లో మనం కొలిచి తెచ్చుకునే గుడ్డలో ఆ బిగువు ఇంకా దాగే ఉంటుంది. నీళ్లలో పడగానే గంజి వదులుతుంది, దారం తన అసలు పొడవుకు తిరిగి వస్తుంది. నూలుగుడ్డ నూటికి 5 వంతులు తగ్గిందనుకున్నా 22 అంగుళాల సీటు కవరులో అంగుళం పైనే పోతుంది. కుట్టిన రోజు చక్కగా ఎక్కిన కవరు మొదటి ఉతుకు తర్వాత మూల దాటి రాదు. బలవంతంగా లాగితే కుట్టు పిగులుతుంది. ఇక పాత కవరు మీద తడపని కొత్త ముక్కతో మాసిక వేస్తే నష్టం ఇంకా పెద్దది. పాత గుడ్డ ఎన్నో ఉతుకులు చూసి కుదురుకుంది, పలచబడింది. అది ఇక తగ్గదు, సాగే శక్తీ లేదు. మాసిక మాత్రం మొదటి తడికే ముడుచుకుని చుట్టూ ఉన్న పాత నేతను తన వైపు లాక్కుంటుంది. ముందు వేలెడంత ఉన్న చిరుగు జానెడవుతుంది.

యేసుప్రభువుకు ఈ సంగతి తెలుసు. ఉపవాసం గురించి యోహాను శిష్యులు అడిగినప్పుడు ఆయన జవాబు మాసిక మీదికి వెళ్లింది. ఆ కాలంలో మగ్గం దిగిన ఉన్నిగుడ్డను చాకలి దగ్గరికి పంపేవారు. అతడు దాన్ని మట్టీ క్షారమూ కలిపిన నీళ్లలో వేసి కాళ్లతో తొక్కేవాడు. మలాకీ మూడో అధ్యాయంలో ప్రభువు రాకడను పోల్చింది ఈ చాకలి వాడే సబ్బుతోనే. ఆ తొక్కుడు చూడని గుడ్డతో మాసిక వేయకూడదన్నది గలిలయలో ఇల్లాళ్లందరికీ తెలిసిన సంగతే.

పాత మతాచారాలకూ కొత్త సువార్తకూ పొసగదన్న వివరణ ప్రసంగాల్లో తరచుగా వింటాం. అది సరైనదే. అయితే పాత బట్టను అవతల పారేయమని ప్రభువు చెప్పలేదన్నది కూడా గమనించాలి. ద్రాక్షారసపు మాటకు వచ్చేసరికి రెండూ చెడకుండా నిలవాలన్నదే ఆయన చింత అని మత్తయి రాశాడు. పాతదాని మీద ఆయనకు జాలి ఉంది. ఆయన అభ్యంతరం తడి చూడని కొత్తదనం మీద.

చావు జరిగి వారం కాని ఇంటికి మనవాళ్లు కొందరు వెళ్లి మాట్లాడే తీరు చూడండి. విశ్వాసం ఉన్నవాళ్లు ఇంతగా ఏడవకూడదంటారు, దేవుని చిత్తమంటారు, ఒక వాక్యం వినిపించి లేస్తారు. చెప్పిన వాక్యంలో తప్పు లేదు. మరక లేని కొత్త గుడ్డే అది, కాకపోతే బాధ అనే తడి చూడలేదు. అందుకే వాళ్లు గడప దాటగానే ఆ ఇంటావిడ ముందుకన్నా ఎక్కువగా కుమిలిపోతుంది. యోబు స్నేహితులు నయం, కనీసం ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. చెడిందంతా ఆ తర్వాతే.

మన ప్రాంతంలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా రాయవేలూరు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోతాం. ఆ ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ ఆర్కాట్ మిషన్ కుటుంబంలో పుట్టింది. మిషనరీ కావాలన్న కోరిక ఆమెకు బొత్తిగా లేదు. తల్లికి జబ్బుగా ఉందని తిండివనం వచ్చినప్పుడు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వేరువేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను వేడుకున్నారు. వైద్యుడైన ఆమె తండ్రి వస్తానన్నా, మగవాణ్ణి రానివ్వలేమన్నారు. ఆమెకా వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ రాత్రే ఆమెకు మొదటి తడి. అమెరికా వెళ్లి 1899లో వైద్యవిద్య పూర్తిచేసి, మరుసటి ఏడాది వేలూరు చేరింది. వచ్చిన కొద్ది నెలలకే తండ్రి పోయాడు. ఒక్క మంచంతో మొదలైన వైద్యం 1902 నాటికి 40 మంచాల ఆసుపత్రి అయింది. తలుపు తట్టిన స్త్రీల దగ్గరికి ఆమె ఆ మూడు చావులను మోసుకునే వెళ్లిందని నేననుకుంటాను.

హెబ్రీ పత్రిక ప్రభువు గురించి చెప్పేది ఇంతకన్నా లోతైనది. తాను శోధన పొంది శ్రమపడ్డాడు గనకనే శోధనలో ఉన్నవారికి సహాయం చేయగలడంటుంది. కడగవలసిన మచ్చ ఒక్కటీ లేని ఆయన, యోహాను వారిస్తున్నా వినకుండా యొర్దాను నీళ్లలోకి దిగాడు. స్వస్థపరచడం, బోధించడం, మనుషులను బాగుచేయడం అంతా ఆ తర్వాతే. లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గరికి వెళ్లబోతూ ఏడ్చాడు. మన చిరుగుల మీద ఆయన చేయి పడితే ఆ చిరుగు పెద్దది కాదు.

ఒక చిన్న సంగతి మిగిలింది. తడిపిన గుడ్డను తడి మీదే కోయకూడదు. బరువుకు సాగి ఉంటుంది, కొలత తప్పుతుంది. నీడన ఆరేసి, ఇస్త్రీ పెట్టి అప్పుడు సుద్దతో గీత గీస్తారు. పలమనేరు డిసెంబరు మంచులో మందపాటి గుడ్డ ఒక్క పూటలో ఆరదు, పండగ తరుముకొస్తున్నా ఆగాల్సిందే. నిన్న మొన్న దెబ్బ తిన్నవాళ్లను వెంటనే సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించే సంఘాలు ఈ మాట కాస్త ఆలోచిస్తే బాగుండును.

ప్రార్థన: ప్రభువా, ఎదుటివాళ్లను సరిచేయాలని నాకు మహా తొందర. నేను చూడని బాధ గురించి మాట్లాడబోతే నా నోరు మూయించు. నా సొంత బాధ ఇంకా పచ్చిగా ఉంటే ఈ వారం నన్నెక్కడికీ పంపకు, ఆరనివ్వు. ఆమేన్.