ఇంక ఆలస్యమైందా?

పుట్టుకతో చూపులేని మనిషికి చూపొస్తే, చేత్తో తడిమి తెలుసుకున్న గోళాన్నీ ఘనాన్నీ చూసి గుర్తుపడతాడా? 1688లో ఐరిష్ తత్వవేత్త మాలినో, జాన్ లాక్‌ని అడిగిన ప్రశ్న ఇది.

ఎంఐటీ న్యూరోసైంటిస్ట్ పవన్ సిన్హా బృందం దీనికి జవాబు ఢిల్లీలో వెతికింది. 'ప్రాజెక్ట్ ప్రకాశ్' కింద ఆపరేషనైన, 8 నుంచి 17 ఏళ్ళ ఐదుగురు పిల్లల్ని పరీక్షించి, 2011లో ఫలితం ప్రకటించింది: కట్లు విప్పగానే గుర్తుపట్టలేరు. కానీ మళ్ళీ పరీక్షించిన పిల్లలు కొద్దిరోజుల్లోనే నేర్చేసుకున్నారు.

నన్ను పట్టుకున్నది ఆ కొద్దిరోజులే. చిన్నతనం దాటితే మెదడు చూడటం నేర్చుకోదని చాలాకాలం నమ్మాం. వైద్యం అందక ఆలస్యమైన పిల్లలకే ఆ నమ్మకం శిక్షయింది.

నిజమే, ఇంత ఆలస్యంగా వచ్చిన చూపు మసగ్గానే మిగలొచ్చు. అయితే మాత్రం, పూర్తిగా రానిది ఇవ్వడం దండగని తేల్చాల్సింది ఎవరు? చూపున్న మనమా?