ఒకే కంప్యూటర్, ఎవరి చోటు వాళ్లకి

మా గూడేల్లో కొన్ని ఇళ్లకు ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. ఇంటికి ఒకటే. చదువుకునే పిల్లలకూ, దరఖాస్తులు పెట్టే తండ్రికీ, సంఘం లెక్కలు రాసే తల్లికీ అదే దిక్కు. అందులో ఒక్కొక్కరికి వేరే అకౌంట్, వేరే పాస్‌వర్డ్ పెట్టుకోమని మేము చెబితే పెద్దవాళ్లు ఒక మాట అడుగుతారు: ‘ఒక కుండలో వండుకు తినేవాళ్లం, మనలో మనకి తాళాలేంటి?’

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. పంచుకోవడం మాకు పుస్తకంలో చదివిన నీతి కాదు, బతుకు. దాచుకోవడమంటే మాకు తప్పు చేసినట్టే ఉంటుంది.

అయితే మా పద్ధతిలోనే ఇంకో సంగతీ ఉంది. అడవి అందరిదీ. అయినా ఏ ఇప్పచెట్టు కింద ఏ ఇంటివాళ్లు పువ్వు ఏరుకుంటారో ఊరికి తెలుసు. చెట్టుకు కంచె ఉండదు, అయినా వేరేవాళ్లు వెళ్లి ఏరరు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఇంటి హక్కునూ, ఊరి ఉమ్మడి హక్కునూ రెండింటినీ గుర్తించింది. ఒకటి ఉంటే రెండోది పోదు.

కంప్యూటర్ పాస్‌వర్డ్ కథ కూడా అలాంటిదే. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో కంప్యూటర్ చాలా ఖరీదైన యంత్రం, మనిషికొకటి ఇవ్వలేరు. ఒకేదాన్ని చాలామంది వాడుకోవాలి, ఎవరి ఫైళ్లు వాళ్లకుండాలి. అందుకే ఫెర్నాండో కార్బటో బృందం పాస్‌వర్డ్ పెట్టింది. కలిసి వాడుకోవలసి వచ్చినందుకే అది పుట్టింది.

బడిలో పిల్లల్ని చూసే మాకు దీని విలువ తెలుసు. అకౌంట్ వేరైతే తమ్ముడు ఆటల తొందరలో అక్క రాసుకున్న పాఠం చెరిపేయడు. పదో తరగతి ఆడపిల్ల తన మనసులో మాట కోయలోనో తెలుగులోనో రాసుకుంటే అన్న చదివి నవ్వడు. నవ్వితే ఆ పిల్ల మళ్లీ రాయదు. మనలో రాసేవాళ్లే తక్కువ. ఒక పిల్ల చెయ్యి ఆగితే నష్టం ఆ ఇంటికే కాదు, మనందరికీ.

ఇక తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఉన్నవాళ్లు మిగతావాళ్ల పాస్‌వర్డ్ మార్చగలరు, వాళ్ల ఫోల్డర్లు తెరవగలరు. చాలా ఇళ్లలో అది పెద్దకొడుకు చేతిలో ఉంటోంది, వాడికే తెలుసని. తెలిసినవాడు నేర్పాలి గాని పెత్తనం చెయ్యకూడదు. అటవీ హక్కుల పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టం చెప్పింది. భూమికి ఒప్పుకున్నాం కదా, కంప్యూటర్‌కు ఎందుకు ఒప్పుకోం? తల్లికీ ఆ అకౌంట్ ఉండాలి. రాకపోతే పిల్లలే నేర్పాలి.

చిన్నపిల్లలు ఏం చూస్తున్నారో పెద్దలు చూడాల్సిందే. చెప్పి చూడాలి, చాటుగా కాదు. తెరవగలిగినంత మాత్రాన తెరిచే హక్కు వచ్చేయదు. కంప్యూటర్ ఇంటికి తెచ్చిన రోజే అందరూ కూర్చుని, ఏది ఉమ్మడో ఏది ఎవరిదో మాట్లాడుకుంటే చాలు. ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు కదా.