చెవికి రెప్ప లేదు

చూడరానిది ఎదురైనచో కన్ను రెప్ప వాల్చుకొనును. చెవికి ఆ వెసులుబాటు లేదు. నిద్రలో సైతము అది తెరచియే యుండును. గాఢనిద్రలోని తల్లి పసిబిడ్డ మూలుగునకు మేల్కాంచుట అందువలననే. ఇట్లు సదా తెరచియున్న ద్వారములోనికి మనము ఏమి పంపుచున్నామన్నది ధర్మవిచారమునకు తగిన ప్రశ్నయే.

కోడికూత, వాకిట కళ్ళాపి చప్పుడు, కవ్వపు సవ్వడి - మన పల్లెలు వీనితో మేల్కొనెడివి. ధనుర్మాసమున హరిదాసు చిడతలు, తంబుర మ్రోగించుచు వచ్చును. ఎవరిని పలుకరింపడు. తలపై నున్న అక్షయపాత్రలో బియ్యము పడుటకు గుమ్మము ముందు వంగి, లేచి సాగిపోవును. నామము దగ్గరగును, దూరమగును, సమసిపోవును. వినదలచినవాడు వెంట నాలుగడుగులు వేయును. ఆ మర్యాద నాకు ఎంతయో ఇష్టము.

తిరుమలలో స్వామివారికి వేకువ సుప్రభాతము, ధనుర్మాసమున తిరుప్పావై; రాత్రి ఏకాంతసేవలో జోలపాట. పిదప తలుపులు మూయుదురు. నిద్రకు నిశ్శబ్దము కావలెనని స్వామి విషయమున ఎరిగిన మనము పొరుగువాని విషయమున మరచుచున్నాము.

మా వీధి కోవెలకు ధ్వనివర్ధకము బిగించినవారిలో నేనును ఒకడను. వేకువ నాలుగు గంటలకే మ్రోగించెడివారము. ఎదురింటి వృద్ధురాలు మంచము పట్టియున్నది. "నాయనా, కాస్త తగ్గించండి" అని ఆమె కబురంపగా, దైవకార్యమునకు అడ్డుపడుచున్నదని నొచ్చుకొంటిమి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 వరకు ఆరుబయట ధ్వనివర్ధకములను నిషేధించినవనియు, నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు మించరాదనియు ఎరిగినవారు మాలో లేకపోలేదు. భగవన్నామమునకు చట్టమేమి యనుకొంటిమి! ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థింపుమని ఏ మతమును చెప్పదని సర్వోన్నత న్యాయస్థానము ఆ సంవత్సరమే తీర్పు చెప్పియున్నది. రాత్రివేళ హోరు నిద్రను చెరచి రక్తపోటును పెంచునని వైద్యులు చెప్పుచునే యున్నారు.

ప్రహ్లాదుడు చెప్పిన నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ఈ వరుస ఊరక వచ్చినదని నేననుకొనను. మేము రెండవదానితో ఆరంభించితిమి.

ఒకనాటి వేకువ విద్యుత్తు పోయినది. మెట్లపై కూర్చుండి ఎదురుచూచుచున్న మాకు ఎదురింటి నుండి సన్నని గొంతు వినవచ్చినది. ఆమె విష్ణుసహస్రనామము చెప్పుకొనుచున్నది. ప్రతిదినము ఆ వేళకే చెప్పుకొందునని పిదప తెలిపినది. మా హోరులో ఆమె పలుకు ఆమెకే వినబడెడిది కాదు.

మరునాడు గంట మాత్రమే మ్రోగించితిమి.