పెరిగిన విలువ ఎవరి సొత్తు? సైబరాబాద్ గృహధరలు, మనుష్య ఋణం

ద్రవ్యోల్బణం, అంటే కాలక్రమంలో ధరలన్నీ పెరిగి రూపాయి కొనుగోలు శక్తి తగ్గిపోవడం, సాధారణంగా అర్థశాస్త్రం చర్చించే విషయం. అయితే బియ్యాన్ని మళ్లీ పండించవచ్చు, ఇటుకనూ సిమెంటునూ మళ్లీ తయారు చేయవచ్చు, కానీ ఇల్లు నిలిచే నేలను ఎవరూ తయారు చేయలేరు. అందువల్ల దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన ఇంటి ధరలో రూపాయి క్షీణత ఎంత, నేల విలువలో వృద్ధి ఎంత అన్న ప్రశ్న లెక్కలతో ముగియదు. ఆ వృద్ధి న్యాయంగా ఎవరికి చెందాలన్న ధర్మవిచారణకు అది దారితీస్తుంది. హైటెక్ సిటీ నుంచి కోకాపేట వరకు విస్తరించిన హైదరాబాదు పడమటి భాగం, అంటే సైబరాబాద్, ఈ విచారణకు కావలసిన ఆధారాలన్నిటినీ సమకూరుస్తుంది.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనాన్ని నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన తరువాత, 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆపై 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2019లో మెట్రో రైలు రాయదుర్గం చేరింది. అంతకు ముందు 2006లోనే ప్రభుత్వం ఎఫ్ఎస్ఐ పరిమితిని, అంటే స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్ల కట్టడం లేపవచ్చో నిర్ణయించే నిష్పత్తిని, ఎత్తివేసింది. అంతస్తులు పెరిగితే ఫ్లాట్లు చౌక కావాలన్నది సహజమైన ఆశ. కానీ బిల్డరు లెక్క వెనుక నుంచి మొదలవుతుంది: ఆ స్థలంలో కట్టగలిగినంత కట్టి అమ్మితే వచ్చే మొత్తంలోంచి నిర్మాణ వ్యయాన్నీ లాభాన్నీ తీసివేయగా మిగిలినదంతా నేలకు చెల్లించడానికి అతడు సిద్ధపడతాడు కనుక, పైకి కట్టుకునే అనుమతి నేల ధరలోనే కలిసిపోతుంది, కొనుగోలుదారుకు దక్కవలసిన చౌకదనం చాలా వరకు స్థల యజమానికి చేరుతుంది.

ఈ వృద్ధి ద్రవ్యోల్బణాన్ని ఎంతగా మించిందో కోకాపేట నేల వేలాలు తేటతెల్లం చేస్తాయి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ 2021 జులైలో నిర్వహించిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 60.20 కోట్ల రూపాయలు పలకగా, 2023 ఆగస్టులో కోకాపేటలోనే మరో ప్లాటులో ఎకరం 100.75 కోట్లకు చేరింది. ఆ రెండేళ్లలో దేశంలో చిల్లర ధరలు సుమారు 15 శాతం పెరిగాయి; గరిష్ఠ పాట మాత్రం 67 శాతం పెరిగింది. ప్లాట్ల మధ్య ఉండే తేడాలను మినహాయించినా, రూపాయి క్షీణత ఒక్కటే వివరించలేని భాగం చాలా పెద్దదని స్పష్టమవుతుంది.

పైగా ఈ భాగం అధికారిక కొలమానంలో కనిపించదు. 2012 ఆధార సంవత్సరంగా రూపొందిన వినియోగదారుల ధరల సూచీలో గృహవసతికి దేశం మొత్తం మీద 10.07 శాతం వాటా ఉన్నా, అది లెక్కించింది అద్దెనే. నేలను ఆస్తిగా భావించి పక్కన పెట్టింది. చట్టానికీ ఇలాంటి లోపమే ఉంది: అద్దెదారుల రక్షణ కోసం 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టాన్ని 2005లో సవరించినప్పుడు, నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన నివాసాలను దాని పరిధి నుంచి తప్పించారు. రూపాయల్లో గీసిన హద్దు రూపాయి విలువతో పాటే కుంచించుకుపోతుంది కనుక, రక్షణ అవసరం పెరుగుతున్న కాలంలోనే రక్షణ చిక్కిపోయింది.

ఈ సమస్యను ఆలోచించడానికి భారతీయ చింతనలో ఋణభావన అన్న బలమైన సాధనం ఉంది. బ్రాహ్మణుడు పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెప్పగా, శతపథ బ్రాహ్మణం ఆ మాటను ప్రతి మనిషికీ వర్తింపజేసి, వీటికి నాలుగోదిగా మనుష్య ఋణాన్ని, అంటే తోటి మనుషులకు పడిన బాకీని, చేర్చింది. దాన్ని తీర్చే మార్గాలుగా అది చెప్పినవి రెండే: మనుషులకు నివాసమివ్వడం, అన్నం పెట్టడం. ఈ దృష్టిలో నీడనివ్వడం దాత ఇష్టానికి వదిలిన పుణ్యకార్యం కాదు. పుచ్చుకున్న దానికి తిరిగి చెల్లింపు. సైబరాబాద్‌లో ఒక స్థలానికి విలువ తెచ్చినది యజమాని శ్రమ కాదు, ప్రజాధనంతో వేసిన రోడ్లు, దూరప్రాంతాల నుంచి వచ్చి పనిచేసే ఇంజనీర్లు, గోడలు లేపిన కూలీలు, కార్యాలయాలను శుభ్రం చేసేవారు, రాత్రంతా కాపలా కాసేవారు. ఈ రకమైన విలువను పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ కష్టార్జితం కాని వృద్ధిగా గుర్తించి, దానిపై పన్ను విధించడం న్యాయమన్నాడు. ఋణభావన అంతకంటే ముందుకు వెళ్లి, ఆ వృద్ధి ఎవరికి బాకీయో, ఏ రూపంలో తీర్చాలో కూడా చెబుతుంది.

ఇస్లాం ధర్మంలోని వక్ఫ్, అంటే దైవం పేరిట శాశ్వతంగా అంకితం చేసి, రాబడిని ధర్మకార్యాలకు వినియోగించే ఆస్తి, ఇలాంటి భావననే వేరే రూపంలో వ్యక్తం చేస్తుంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు వాదించిన సైబరాబాద్ ప్రాంతపు మణికొండ జాగీరులోని 1,654 ఎకరాలు రాష్ట్ర ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో హక్కు వివాదం తీరింది. అయితే హక్కు నిర్ధారణ అయినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. ప్రజల పేరిట నేలను పొందిన ప్రభుత్వానికి, ఆ నేల ఆ ప్రజలకు నీడనిస్తున్నదా అన్న ప్రశ్న ఎప్పటికీ వర్తిస్తుంది.

అప్పు చేసి, ఇరవై ఏళ్ల పాటు ఈఎంఐలు కట్టి ఫ్లాటు కొనుక్కున్న ఉద్యోగిని ఋణగ్రస్తుడనడం అన్యాయమన్న ఆక్షేపణ ఇక్కడ రావచ్చు, అందులో సత్యం లేకపోలేదు. గృహస్థాశ్రమమే తక్కిన మూడు ఆశ్రమాలకూ ఆధారమని ధర్మశాస్త్రాలు చెప్పాయి కనుక, సొంత ఇంటి కోరికను లోభంగా భావించనక్కరలేదు. ద్రవ్యోల్బణం మేరకు పెరిగిన విలువ అతడికి లాభమే కాదు, పెట్టినది నిలబడటం మాత్రమే. ఋణం వర్తించేది దానికి మించిన భాగానికి. అది ఎక్కువగా పోగుపడేది నివసించని ఇళ్లను, కట్టని నేలను ధర పెరుగుదల కోసమే అట్టిపెట్టుకునే వారి వద్ద, వేలం వేసే ప్రభుత్వం వద్ద.

2023 జూన్‌లో కొల్లూరులో పేదల కోసం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను ప్రభుత్వం ప్రారంభించింది. ఈ ఋణాన్ని కొంతైనా తీర్చిన పని అది. కానీ ఆ ఇళ్లు నగరం అంచున, ఔటర్ రింగ్ రోడ్డు సమీపంలో వెలిశాయి. రెండు నెలలైనా గడవకముందే కోకాపేటలో 45 ఎకరాలకు పైగా నేల వేలంలో సుమారు 3,319 కోట్ల రూపాయలు పలికింది. విలువను సృష్టించినవారికి ఆ విలువ పుట్టిన చోట కాకుండా దూరాన నీడనివ్వడం, రోజూ ప్రయాణానికి పట్టే కాలాన్ని వారి బతుకుల నుంచి కోసివేయడమే. అందుచేత వేలానికి పెట్టే ప్రతి స్థలంలో కొంత భాగాన్ని అక్కడ పనిచేసేవారి అద్దె ఇళ్లకు ప్రత్యేకించడం, ఖాళీగా ఉంచిన నేలపై పన్ను పెంచడం, అద్దె రక్షణ హద్దును ధరల సూచీతో ముడిపెట్టడం దయాధర్మాలుగా కాక, బాకీ వాయిదాలుగా చూడదగినవి. ధర ఎంత పెరిగిందన్నది విపణి చెబుతుంది. పెరిగినదానిలో ఎవరి పాలు ఎంతో తేల్చి చెల్లించడం సమాజం తనంతట తాను చేయవలసిన పని, అది జరగనంత కాలం సైబరాబాద్ సంపద తీరని అప్పుగానే మిగులుతుంది.