తీర్పును సాక్ష్యమును

సోదరులారా, మనుష్యుడు మారగలడా? మారినయెడల ఆ మార్పు వానిదా, దైవముదా? మారనివాని గతి పుట్టుకకు ముందే వ్రాయబడియున్నదా? ఈ ప్రశ్నలు పండితుల గ్రంథములకే చెందినవని నేను బహుకాలము తలంచితిని. ఒక చిన్న సంగతి వీనిని నా గుమ్మములోనికి తెచ్చి నిలిపినది. దానిని ముందుగా విన్నవించెదను.

కోడేరు ప్రాంతపు పల్లెనుండి యొకడు దొంగతనపు కేసులలో పలుమారు నాయొద్దకు వచ్చుచుండెను. వాడు సారాకు బానిస. రెండుమారులు శిక్షయు పడెను. చివరిమారు విడుదలయైన పిమ్మట వాడు వచ్చి, ధాన్యపు గిడ్డంగిలో రాత్రికావలి పని దొరకునట్లున్నదనియు, తాను త్రాగుడు మానితిననియు, నమ్మదగినవాడని నేనొక మాట వ్రాసియిచ్చిన చాలుననియు వేడుకొనెను. నేను కలమైనను తీయక, “నీ తలరాత యింతే, నీవు మారవు” అని పంపివేసితిని. నేరస్థుడు మారగలడను నమ్మకముమీదనే 1958వ సంవత్సరపు ప్రొబేషను చట్టము నిలిచియున్నదని న్యాయస్థానమున ఎన్నిమారులో వాదించినవాడను నేనే!

కొన్నియేండ్లకు ఒక ప్రార్థనామందిరపు ఆవరణమును ఊడ్చుచున్న అతనిని చూచితిని. త్రాగుడు లేదు, దొంగతనము లేదు, కూలిచేసి పిల్లలను చదివించుకొనుచున్నాడు. సిగ్గుపడుచునే, “ఎట్లు మారితివి?” అని యడిగితిని. అతడు చీపురు ప్రక్కకు పెట్టి, “నేనేడ మారిన, వకీలుసాబూ! నేను పుట్టకముందే ఆయన నన్ను ఏర్పరచుకున్నడు. పట్టుకొచ్చి ఈడ నిలబెట్టిండు” అనెను.

ఇంటికి వచ్చుచు ఆలోచించితిని. మేమిద్దరమును ఒకే సిద్ధాంతమును పలికితిమి. ముందే నిర్ణయమైనదని నేనంటిని. ముందే నిర్ణయమైనదని అతడును అనెను. నా మాట ఒకని జీవనోపాయమును చెరచినది. అతని మాట ఒకనిని వినయవంతునిగా చేసినది. ఒకే మాటకు ఇంత భేద మెట్లు కలిగెను?

క్రైస్తవమతమున ఈ ముందేర్పాటు సిద్ధాంతము మిక్కిలి ప్రాచీనమైనది. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, యాకోబు ఏశావుల వృత్తాంతమును, కుమ్మరి మన్నుల ఉపమానమును తెచ్చి, దేవుని ఏర్పాటునుగూర్చి చర్చించెను. అగస్టీను (354–430) పెలాజియసు వాదము నెదిర్చి, పాపముచే చెడిన సంకల్పము గలవాడు కృప ముందుగా రానిదే దేవునివైపు తిరుగనైన తిరుగజాలడని బోధించెను. జెనీవా నగరమున జాన్ కాల్విను (1509–1564) దీనిని మరింత తీక్ష్ణముచేసి, కొందరు జీవమునకును కొందరు నాశనమునకును నియమింపబడిరని వ్రాసెను. హాలండులో ఆర్మీనియసు శిష్యులు దీనిని కాదనగా, 1618–19లో డోర్ట్ నగరమున కూడిన సభ వారిని ఖండించెను. తరువాతి శతాబ్దిలో జాన్ వెస్లీ కృప యందరికిని ఉద్దేశింపబడినదని చాటెను. ఆ తగవు నేటికిని తీరలేదు.

ఇది పరదేశపు తగవని నవ్వుకొనవలదు. మన శ్రీవైష్ణవులలో తెంగలైవారు పిల్లి తన కూనను నోటకరచి కొనిపోవునట్లు భగవంతుడే జీవుని కాపాడుననిరి. వడగలైవారు కోతిపిల్ల తల్లిని పట్టుకొనునట్లు జీవుడును పట్టుకొనవలెననిరి. కోడేరు మనుష్యుని మాటలో నాకు ఆ పిల్లికూనయే కనబడినది.

అతడు క్రైస్తవులలో ఏ శాఖవాడో నేనడుగలేదు. కాని యొకటి గమనింపదగును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మన నాగర్‌కర్నూలు ప్రాంతమునకు వచ్చిన మెనోనైట్ బ్రెదరెన్ మిషనువారు కాల్విను సంతతివారు కారు. వారి మూలము 1525లో జూరిచ్ నగరమున మొదలైన ఉద్యమము. శిశువునకు తెలియకుండ ఇచ్చు బాప్తిస్మము చెల్లదనియు, తన నోట విశ్వాసమును ఒప్పుకొన్నవానికే అది తగుననియు వారు పట్టుపట్టి, దానికై ప్రాణములు సహితము విడిచిరి. మనుష్యుడు తానై ఎన్నుకొనవలెననునదే వారి సంప్రదాయము. అట్టివారు బోధించిన సీమయందును, మారినవాడు తన్ను తాను చూచుకొన్నప్పుడు, “నేను మారలేదు, మార్చబడితిని” అనుచున్నాడు. ఇది సిద్ధాంతముకంటె ముందుగా అనుభవము పలికిన మాట.

ఇక ఒంగోలు వృత్తాంతమును చూడుడు. 1876–78 సంవత్సరముల ఘోరక్షామమున అమెరికను బాప్టిస్టు మిషనువాడగు జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నముకొరకు మతములో చేరుదురేమోయని ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయకార్యము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మందికి తెలుగు బోధకులు బాప్తిస్మమిచ్చిరి. వారిలో మాదిగలు విశేషముగా నుండిరి. ఇది కడుపుకొరకైన మార్పని కొందరును, ఆత్మ కార్యమని కొందరును వాదించిరి. ఆ రెండువేలమంది హృదయములలోనికి తొంగిచూచినవా డెవ్వడు? ఆ ఉద్యమమునకు ఆద్యుడైన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందకముందే గురువు నాశ్రయించి యోగమభ్యసించిన మాదిగ. అతడు దేవుని వెదకెనా, దేవుడతనిని వెదకెనా? వెలుపలనుండి చూచువానికి ఈ రెంటికిని భేదము తెలియదు.

ఇచ్చట నా వృత్తి నేర్పిన యొక న్యాయము పనికివచ్చును. సాక్ష్యము వేరు, తీర్పు వేరు. తనకు జరిగినదానిని తాను చెప్పినచో అది సాక్ష్యము. “నా యోగ్యతచేత కాదు, కృపచేత నిలిచితిని” అని మారినవాడు చెప్పునది అట్టిది. దానిని త్రోసివేయుటకు మన కధికారము లేదు. అదే వాక్యమును ఇతరుని గూర్చి, “వాడు ఏర్పరచబడినవాడు కాడు” అని పలికినచో అది తీర్పగును. అట్టి తీర్పునకు కావలసిన రికార్డు మనయొద్ద లేదు. కాల్విను సహితము అగస్టీనును అనుసరించి, ఎవరు ఏర్పరచబడినవారో మనకు తెలియదు గనుక అందరును రక్షింపబడవలెననియే కోరవలసినదని చెప్పెను. ఇంత కఠినుడును ఆ ద్వారమును మూయలేదు, నేను మూసితిని.

అందరును దోషులే గనుక కొందరిని క్షమించుట తక్కినవారికి అన్యాయము కాదని కాల్విను పక్షమువారు వాదింతురు. రాష్ట్రపతి యొక ఖైదీకి క్షమాభిక్ష నొసగినచో వేరొక ఖైదీ దావా వేయజాలడు, నిజమే. కాని ఆ ఖైదీల నేరమును సైతము క్షమించువాడే ముందుగా నియమించియుండినచో ఆ న్యాయము నిలువదు. విచారణకు పూర్వమే వ్రాయబడిన తీర్పును ఏ న్యాయస్థానము మన్నించును? నా బుద్ధి ఈ సిద్ధాంతమును ఇంతవరకే అంగీకరించును: జరిగిన మేలునకు కృతజ్ఞతగా అది సత్యము, జరుగబోవుదానికి శాసనముగా అది అసత్యము. త్రాగుబోతు, “నా తలరాత, నేనేమి చేయుదును?” అని తన్నుగూర్చి పలికినను అది సాక్ష్యము కాదు, సాకు మాత్రమే. కృపవలన లేచినవాడు లేచియే నడచును.

విద్యావంతులారా, క్రైస్తవుల ముందేర్పాటును విని మనము కఠినమందుము. మరి మాదిగవాడలోని బిడ్డ దుఃస్థితిని చూచి, “పూర్వజన్మకర్మము” అని తలయూచి మన మెన్నితరములు గడిపితిమి? కర్మసిద్ధాంతమును తన నడతను దిద్దుకొనుటకు వాడుకొన్నవాడు వివేకి. పొరుగువాని ఆకలికి సమాధానముగా వాడుకొన్నవాడు దానిని తీర్పుగా మార్చినవాడు. మన పెద్దలు గుడిలోను బావికడను ఇచ్చిన తీర్పులన్నియు ఇట్టివే. నా గుమ్మమున నేనిచ్చినదియు ఇట్టిదే.

నేనిప్పుడు ఆ కాగితము వ్రాసియిచ్చినను అతనికి అక్కరలేదు. నేను తెరువని తలుపు వేరొకచోట తెరువబడెను. దానిచే నా తప్పు చిన్నది కాలేదు. రేపు మరియొకడు వచ్చి నిలుచును. మీ గుమ్మమునను నిలుచును. వాడు ఏర్పరచబడినవాడో కాడో మన మెరుగము. ఎరుగనివారము గనుకనే కలము తీయుదము.