పాట మీద బాకీ

రాక్ అండ్ రోల్ వింటానంటే మా వైపు వాళ్ళు "నీకేం సమజైతది అందులో" అంటారు. నిజమే, మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మాది నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల. పసుపు పండించే ఊరు, బతుకుతెరువుకు గల్ఫ్ పోయే ఊరు. అట్లా దుబాయి నుంచి వచ్చిన టూ-ఇన్-వన్‌తో పాటు ఒక క్యాసెట్టూ మా ఇంటికి చేరింది. అన్నీ 1950ల పాటలు: ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్. మాట తెలియకపోయినా దరువు తెలిసింది. డప్పు వింటూ పెరిగినవాడికి దరువు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా. నలభై ఏళ్ళుగా ఆ పాటలు నన్ను వదల్లేదు.

ఆ ఇష్టం మీద నాకు అనుమానమేమీ లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. మనకు ఇంత సంతోషమిచ్చిన పాట వెనక ఎవరికో అన్యాయం జరిగిందని తెలిశాక, ఊరికే వినేవాడికి అందులో ఏమైనా బాధ్యత ఉంటుందా?

ఎల్విస్ తొలి రికార్డునే తీసుకోండి. 1954 జూలైలో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ స్టూడియోలో పాడిన "దట్స్ ఆల్ రైట్". ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడు 1946లోనే రికార్డు చేసిన సొంత పాట అది. ఎల్విస్ ఏమీ దాచలేదు. రికార్డు మీద క్రూడప్ పేరుంది. 1956లో ఒక పత్రికతో మాట్లాడుతూ ఆయన్ను మనసారా మెచ్చుకున్నాడు కూడా. అయినా రావలసిన డబ్బు క్రూడప్‌కు చేరలేదు. రాయల్టీ గొడవలతో విసిగి ఆయన 1950లలో రికార్డింగే మానేసి కూలి పనులకు పోయాడు. మళ్ళీ కొన్నాళ్ళు పాడినా, 1974లో పేదవాడిగానే పోయాడు.

అట్లాగని "తెల్లవాళ్ళు దోచుకున్నారు" అన్న ఒక్క మాటతో కథ ముగిసిపోదు. "హౌండ్ డాగ్" ఎల్విస్ పాటగా లోకానికి తెలుసు. అంతకుముందే, 1953లో, బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని గొంతులో అది పెద్ద హిట్టు. కానీ ఆమె కోసం దాన్ని రాసింది లీబర్, స్టోలర్ అనే ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు. మరి పాట ఎవరిది? రాసినవాళ్ళదా, ప్రాణం పోసిన ఆమెదా, ఊరూరికీ చేర్చినవాడిదా?

మన దగ్గరా ఇట్లాంటి చిక్కే ఉంది. "మా భూమి" సినిమాలో బండి మీద నిజామును నిలదీసే పాటను చాలామంది గద్దర్ పాట అనే అంటారు. రాసింది సాయుధ పోరాటంలో ఉన్న బండి యాదగిరి. అయితే అది పోరాటం కోసం పుట్టిన పాట. నోటి నుంచి నోటికి పాకడమే దానికి కావలసింది. అక్కడ పాట నిలిచి పేరు మరుగున పడింది. క్రూడప్ దగ్గర పేరు నిలిచింది, సొమ్ము పోయింది. పేరు చెప్పడం మర్యాద, సొమ్ము ఇవ్వడం న్యాయం. మర్యాద చేసేసి న్యాయం కూడా అయిపోయిందనుకోవడం మనకు బాగా అలవాటు.

మొన్న వానకాలం నాట్లప్పుడు ఒకామె పాడిన పాటను మా మేనల్లుడు ఫోన్లో తీసి తన యూట్యూబ్ ఛానల్లో పెట్టాడు. బాగా నడిచింది, పైసలొచ్చాయి. "ఆమెకేమిచ్చినవ్ రా?" అని అడిగితే, "జానపదం కదా మామా, గది ఎవలదీ కాదు" అన్నాడు. పాట ఎవరు కట్టారో నిజంగానే ఎవరికీ తెలీదు. కానీ ఆ గొంతు ఆమెది. కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ పాడినవాళ్ళకూ హక్కు ఇచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నాటు వేసిన కూలి ఎగ్గొట్టం కదా, పాడిన కూలి ఎందుకు ఎగ్గొట్టాలె అన్నాను. వాడింకా ఆలోచిస్తున్నాడు.

వినేవాడి సంగతికొస్తే, పాట మానేయాలని నేననుకోను. నేను మానేస్తే క్రూడప్‌కు ఒరిగేదేమీ లేదు, ఆయన పేరు ఇంకాస్త మాసిపోతుంది. అందుకే ఇప్పుడు ముందు ఆయన పాట పెట్టుకుని, తర్వాత ఎల్విస్‌ది వింటాను. ఎల్విస్‌లో ఉరుకు ఉంది, క్రూడప్‌లో బరువుంది. రెండూ ఇష్టమే.

పోయినవాళ్ళ బాకీ తీర్చడం నా చేతిలో లేదు. మన పొలాల్లో ఇంకా పాడుతున్నవాళ్ళ బాకీ మాత్రం మన చేతిలోనే ఉంది.