పిలిచినవాడికి వాటా ఎంత?



ఈసారి మన ధమ్మ చర్చ ఒక కోడి కూత మీద. నవ్వకండి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్న మన కుర్రాడొకడు ఒక ప్రశ్న పంపాడు. వాళ్ల ఆఫీసులో కొంతమంది ఏప్రిల్ వచ్చిందంటే అడవి టర్కీ కోళ్ల వేటకు పోతారట. ఇతన్ని కూడా రమ్మంటున్నారట. "నేను తుపాకి ముట్టుకోను అన్నా, పంచశీల తీసుకున్నవాణ్ణి. కాని వాళ్లు పుంజులా కూసే గొట్టం ఒకటి నా చేతికిచ్చారు. ఇది నేర్చుకో, నువ్వు పిలువు, మేం కాలుస్తాం అంటున్నారు. పిలిస్తే తప్పేముంది? చంపేది వాళ్లు కదా" అని అడిగాడు.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కాని మన రోజువారీ బతుకులో సగం తప్పులు "కాల్చింది నేను కాదు" అనే మాట చాటునే దాక్కుంటాయి. అందుకే దీన్ని మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ పిలుపేమిటో తెలియాలి. అడవి టర్కీ ఉత్తర అమెరికా పక్షి. మన ఊళ్లలో అక్కడక్కడా పెంచుతున్న టర్కీ కోళ్లూ ఆ జాతివే. వసంతకాలంలో తెల్లవారకముందే పుంజు చెట్టుకొమ్మ మీద మేలుకొని, గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు గడగడమని కూస్తుంది. అక్కడివాళ్లు ఆ కూతను గాబుల్ అంటారు. పెట్టలకు అది "నేనిక్కడున్నా" అనే కబురు. తోటి పుంజులకు "జాగ్రత్త" అనే హెచ్చరిక. సహజంగానైతే పెట్టలే నడుచుకుంటూ పుంజు దగ్గరకు పోతాయి. వేటగాడు దీన్ని తిరగేస్తాడు. తాను పెట్టలా పిలిచి, పుంజే తన దగ్గరకు నడిచొచ్చేలా చేస్తాడు.

అందుకు పనిముట్లు చాలానే ఉన్నాయి. మూత రాకితే కిర్రుమనే చెక్కపెట్టె ఉంది, దాని అంచుకు సుద్ద రాస్తారు. పలక బిళ్ల మీద పుల్లతో గీసేది ఉంది. అంగిట్లో ఇరికించుకుని ఊదే పల్చటి రబ్బరు పొర ఉంది. అక్కడి మూలవాసులు ఎన్నో వందల ఏళ్ల కిందటే టర్కీ రెక్క ఎముకలతోనే ఊదుడు గొట్టాలు చేసుకున్నారు. ఆ పక్షి ఎముకతోనే ఆ పక్షిని పిలవడమన్నమాట. మన కుర్రాడి చేతికొచ్చింది గాబుల్ గొట్టం. ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టం, గట్టిగా ఊపితే పుంజు కూసినట్టే కూస్తుంది. దాన్ని ఎప్పుడు వాడతారంటే, పుంజు పెట్టల మధ్య కులాసాగా ఉండి ఎంత పిలిచినా కదలనప్పుడు. అప్పుడు ఇంకో పుంజు తన చోటుకి వచ్చినట్టు కూస్తారు. దానికి రోషం వస్తుంది. పెట్టలను వదిలి, తరిమికొట్టడానికి వస్తుంది. తుపాకి ముందుకి వస్తుంది.

చాలా రాష్ట్రాల్లో టర్కీ వేటకు రికార్డు చేసిన కూతలు వాడకూడదని చట్టం ఉంది. యంత్రం చేత కూయిస్తే అన్యాయం, మనిషి చేత్తోనో నోటితోనో కూస్తే న్యాయం అని లెక్క. మన లెక్క ఇక్కడే వేరవుతుంది. యంత్రానికి మనసు లేదు, నేర్చుకునే మనిషికి ఉంది. నిజానికి ఆలోచించాల్సింది ఆ నేర్చుకోవడం గురించే.

ఎందుకంటే ఈ కూత ఒక్కరోజులో వచ్చేది కాదు. పుంజు ఎప్పుడు కూస్తుంది, ఎప్పుడు ఊరుకుంటుంది, ఎంత ఎడం ఇస్తుంది, చీకట్లో గుడ్లగూబ అరిస్తే ఉలిక్కిపడి ఎలా బదులిస్తుంది, ఇవన్నీ చెవులు రిక్కించి వినాలి. నిజం చెప్పాలంటే ఇంత శ్రద్ధగా ఇంకో ప్రాణిని వినేవాళ్లు తక్కువ. కార్లో పోతూ, వంటింట్లో నిలబడి, ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నా సాధన చేస్తారు. మన సతి అభ్యాసానికి రోజూ అరగంట కూర్చోలేనివాళ్లం మనం, సిగ్గుపడాల్సిందే. కాని ఆ శ్రద్ధ ఎటు పోతోంది? ఆ పక్షికి ఏది కావాలో, దేనికి భయపడుతుందో, దేనికి రోషపడుతుందో తెలుసుకుని, ఆ తెలివినంతా దాన్ని చంపే చోటుకి రప్పించడానికి వాడటం. కొడుకు మీద ప్రేమ ఉన్న తల్లి బలహీనతను కనిపెట్టి ఆమెను మోసం చేసేవాడు కూడా ఆమెను చాలా శ్రద్ధగానే విని ఉంటాడు.

పంచశీలలో మొదటిది ప్రాణం తీయకపోవడం, నాలుగోది అబద్ధం ఆడకపోవడం. పక్షితో అబద్ధమేంటి, దానికి మన భాష వస్తుందా అని మీరడగొచ్చు. మనం ఆడేది దాని భాషలోనే కదా.

బుద్ధుడు కర్మను చేతనతో, అంటే సంకల్పంతో ముడిపెట్టాడు. ఈ మాట పట్టుకునే మన కుర్రాడు, "నాకు చంపాలనే సంకల్పం లేదు, సరదాగా కూస్తానంతే" అని వాదించొచ్చు. జాతక కథల్లో సరిగ్గా ఇదే ప్రశ్న వేసిన పిట్ట ఒకటుంది. తిత్తిర జాతకం. తిత్తిరి అంటే మన ఊళ్లలో కౌజు అనే పిట్ట. ఒక వేటగాడు దాన్ని పట్టి, దీమం పిట్టగా తయారుచేస్తాడు. దీమం అంటే తెలుసుగా, తోటివాటిని రప్పించడానికి పెట్టే పిట్ట. అది కూస్తే చుట్టుపక్కల కౌజులన్నీ వస్తాయి, వలలో పడతాయి. "నావల్ల నా వాళ్లంతా చస్తున్నారు" అని ఆ పిట్ట నోరు మూసుకుంటుంది. వేటగాడు వెదురు బద్దతో నెత్తిన కొడతాడు. నొప్పికి అది కూస్తుంది. మళ్లీ పిట్టలు వస్తాయి. ఆ పిట్టకు ఒకటే దిగులు, ఈ పాపం నాకు అంటుతుందా అని. వేటగాడు నిద్రపోతున్నప్పుడు అక్కడున్న ఒక తాపసిని అడుగుతుంది. ఆ తాపసి బోధిసత్వుడే. నీ మనసులో చెడు లేకపోతే, నువ్వు దానికి ఒప్పుకోకపోతే అది నిన్ను అంటదు అని ఆయన చెప్పే సమాధానం.

ఈ కథ చూపించి, "చూశావా అన్నా, పిట్టకు పాపం లేదన్నాడు" అనడం తేలిక. కాని కథను సగమే చదవకూడదు. ఆ పిట్ట పంజరంలో ఉంది. దెబ్బలు తింటోంది. కూయకూడదని ముందే ప్రయత్నించింది. అన్నిటికంటే ముఖ్యం, ఆ పిట్ట అడిగింది. నాకు వాటా ఉందా అని దానికి నిద్రపట్టలేదు. మిస్సోరీలో మనవాడికి పంజరం లేదు, బద్ద లేదు. శనివారం పొద్దున్నే నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి పోవాలి. సీజన్‌కి ముందు నెలల తరబడి గొట్టం ఊపి సాధన చేయాలి. పుంజు వచ్చే క్షణం కోసమే ఆ సాధనంతా. వచ్చాక ఏం జరుగుతుందో పక్కవాడి చేతిలో ఉన్న తుపాకి చెబుతూనే ఉంది. సంకల్పం అంటే మీట నొక్కే వేలు ఒక్కటే కాదు. ఆ సాధన చేసిన ప్రతిరోజూ అందులో సంకల్పం ఉంది. కుర్రాడికి నేనిదే రాశాను: ఆ పిట్టకు దొరికిన సమాధానం నీది కాదు, నీకు ఆ దెబ్బలు లేవు.

ఈ తేడా అడవిలో పిట్టల దగ్గరే ఆగదు. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియాకు తీసుకుపోయిన మన విశాఖ ప్రాంతం కుర్రాళ్ల సంగతి పేపర్లలో చదివే ఉంటారు. తీరా అక్కడికి పోయాక వాళ్ల చేత మన దేశంవాళ్లకే వల వేయించారు. చేయమంటే హింసించారు. వాళ్లు దీమం పిట్టలు. వాళ్లను దొంగలని తిట్టిన నోళ్లు ఆ జాతకం ఒకసారి చదవాలి. అదే పనిని ఊళ్లోనే కూర్చుని, జీతానికి, కమీషనుకి, "నేను మాట మాత్రమే మాట్లాడతాను, డబ్బులు లాగేది మా సారు" అని చేసేవాడు వేరు. కూత ఒక్కటే. నెత్తిన బద్ద ఉందా లేదా అన్నదే చూడాలి.

వేటగాళ్ల వైపు మాట కూడా నిజాయితీగా చెప్పాలి. విచ్చలవిడి వేటతో, అడవులు కొట్టెయ్యడంతో 20వ శతాబ్దం మొదట్లో అడవి టర్కీ చాలా రాష్ట్రాల్లో కనిపించకుండా పోయింది. తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టినవాళ్లలో వేటగాళ్లే ముందున్నారు. తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల రక్షణకు మళ్లించిన చట్టం 1937లో వచ్చింది. 1973లో నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ పెట్టుకున్నారు. ఇవాళ ఆ పక్షులు లక్షల్లో ఉన్నాయి. ఇది కాదనలేం. ఒక జాతిని కాపాడటం, అందులో ఒక పక్షిని మోసగించడం, ఈ రెండూ ఒకే మనిషి చేతుల్లో ఉండొచ్చు. మొదటిది రెండోదాన్ని కడిగెయ్యదు, రెండోది మొదటిదాన్ని చెరిపెయ్యదు.

ఇక్కడ బాబాసాహెబ్ మనకు దారి చూపించాడు. 1957లో వచ్చిన 'బుద్ధుడు-అతని ధమ్మం'లో అహింస గురించి రాస్తూ, చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని ఆయన విడదీస్తాడు. అహింస గుడ్డిగా పాటించే నిబంధన కాదు, బుద్ధితో ఆలోచించి నడవాల్సిన సూత్రం అంటాడు. ఈ విభజన మనకు చాలా అవసరం. ఎందుకంటే మన దేశంలో వల మీద, ఉచ్చు మీద బతికిన సంచార జాతుల మీద 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని ముద్రేశారు. ఆ చట్టం 1952లో గాని పోలేదు. అదే కాలంలో జమీందార్లు, దొరలు ఏనుగులెక్కి పులులను కాల్చి, చర్మాలు గోడకు తగిలించుకుంటే దాన్ని షికారు అన్నారు. ఆకలికి పిట్టను పట్టినవాడు నేరస్థుడు, సరదాకు పులిని చంపినవాడు దొర. కాబట్టి ధమ్మం పేరు చెప్పి పేదవాడి కంచం మీద తీర్పు చెప్పడానికి నేను సిద్ధంగా లేను. ఫ్రిజ్ నిండా కూరగాయలున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సంగతే మాట్లాడుతున్నా. అతనికి అవసరమేముంది? స్నేహితులు చిన్నబుచ్చుకుంటారనే భయం. అది అవసరం కాదు, మొహమాటం.

ఇంకొక సంగతి, ఇది వేటగాళ్లే చెప్పేది. గాబుల్ గొట్టాన్ని జాగ్రత్తగా వాడమని, పదిమంది వేటాడే అడవిలో అసలు వాడొద్దని కొత్తవాళ్లకు వాళ్లే హెచ్చరిస్తారు. ఎందుకంటే ఆ కూత విని పుంజే కాదు, ఇంకో వేటగాడు కూడా పొదల్లోంచి పాక్కుంటూ వస్తాడు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది, అందుకే ఆ రంగుల బట్టలు వేసుకోవద్దంటారు. అబద్ధపు కూత నిజమనుకుని మనిషి మనిషినే కాల్చే ప్రమాదం అది. అబద్ధానికి అడ్రసు రాయలేం. ఎవరి చెవిన పడాలో వాళ్ల చెవినే పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తిత్తిర జాతకం చివర, ఆ పిట్టే తర్వాతి జన్మలో రాహులుడని ఉంటుంది. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చిన్నవయసులోనే, హాస్యానికైనా అబద్ధమాడొద్దని చెప్పాడు. ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక అద్దంలో చూసుకున్నట్టు చూసుకోమన్నాడు. పూర్వజన్మలను మనం అక్షరాలా నమ్మక్కర్లేదు. ఆ మూడు వేళలను మాత్రం వాడుకోవచ్చు. గొట్టం చేతిలోకి తీసుకునే ముందు, ఎవరు రావాలని పిలుస్తున్నాను? అవతల్నుంచి బదులొచ్చినప్పుడు నాలో ఎగిరిన ఆ సంబరం దేనిది? చివర్న గడ్డిలో ఈకలు పడి ఉన్నప్పుడు "కాల్చింది నేను కాదు" అనే మాట ఎవరికి చెప్పుకుంటున్నాను?

మీలో కొందరు ఇంకో ప్రశ్న వేస్తారని తెలుసు: మరి ఆ మాంసం తినొచ్చా? జీవక సుత్తంలో భిక్షువులకు చెప్పిన నియమం ఒకటుంది. తమకోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం వచ్చినా ఆ మాంసం తీసుకోకూడదు. అది గృహస్థుల కోసం పెట్టింది కాదు. అయినా ఆలోచించడానికి పనికొస్తుంది. సహోద్యోగి తన ఇంటికి భోజనానికి పిలిచి, ఎప్పుడో తెచ్చుకున్నది వండి పెడితే ఆ సంగతి వేరు. నువ్వు కూసి రప్పించిన పక్షి విషయంలో నువ్వు చూశావు, విన్నావు, ఇక అనుమానపడటానికి ఏమీ మిగల్లేదు. నవంబరు నాలుగో గురువారం వాళ్ల పండక్కి బల్లమీద పెట్టే టర్కీ మాత్రం ఎక్కువగా ఫారంలో పెంచింది. దాన్ని ఎవరూ పిలవలేదు, అది ఎక్కడికీ నడిచి రాలేదు. ఆ చర్చ పెద్దది, ఇంకో పుస్తకంలో చేద్దాం.